రీడింగ్ నుంచి పల్లెల్లోకి సైకిల్ రూటు: యాప్ చూపించే దారులతో విసిగిపోయా, మీరు ఎలా వెతుకుతారు?

బెజవాడ_పెడల్
రీడింగ్‌లో ఉంటా, రోడ్ బైక్ కొని ఎనిమిది నెలలైంది, 28 ఎంఎం టైర్లు. శని ఆదివారాల్లో 40, 50 కిలోమీటర్లు తొక్కుతున్నా. మొన్న ఆదివారం ఫోన్‌లో యాప్ తెరిచి సైకిల్ బొమ్మ నొక్కి హెన్లీ అవతల ఒక ఊరి పేరు కొట్టా. మొదటి అరగంట బానే ఉంది, ఆ తర్వాత తీసుకెళ్లి ఎ రోడ్డు, అంటే మెయిన్ రోడ్డు మీద పడేసింది. 60 మైళ్ల లిమిట్ రోడ్డు, లారీ దాటినప్పుడల్లా ఆ గాలికి హ్యాండిల్ ఊగిపోతోంది, ఎడమ పక్క చూస్తే డ్రెయిను మూతలు, వాటిని తప్పించుకుంటూ ఇరవై నిమిషాలు పళ్ల బిగువున తొక్కా. వచ్చేటప్పుడు ఆ రోడ్డు వద్దు మొర్రో అని ఇంకో దారి అడిగితే గుర్రాలు తిరిగే మట్టి బాటలోకి తోసింది. బంకమట్టి బ్రేకుకీ చక్రానికీ మధ్య ఇరుక్కుపోయి చక్రమే తిరగలేదు, పుల్ల పెట్టి గీకి, కాస్త నడిపించి, మళ్లీ గీకి, ఇంటికొచ్చేసరికి చీకటి పడింది.

రాతి ఇళ్లు, గొర్రెలు, సన్నటి రోడ్లు అని అందరూ చెప్పే ఇంగ్లండ్ పల్లె అసలు ఎక్కడుంది, దాంట్లోకి ఎలా వెళ్తారు? జూన్‌లో మా బావ వస్తున్నాడు. విజయవాడలో పొద్దున్నే కరకట్ట మీద రోజూ తొక్కే మనిషి. ఇద్దరం ఒక రోజంతా తిరగాలని ఆశ. పెద్ద పెద్ద అప్పులు (అదే, ఎక్కుళ్లు) లేని దారి చెప్పండి.

చిల్టర్న్_గద్ద
నువ్వుండేది రీడింగ్‌లో, గంటలోపు చిల్టర్న్స్ కొండలు పెట్టుకుని ఎక్కడుంది అంటావేంటి బ్రో. రాసుకో. ట్వైఫర్డ్‌లో మారి చిన్న రైల్లో హెన్లీ దిగు. అక్కడినుంచి మార్లో వైపు ఎ4155, ఓ 3 మైళ్లు, ట్రాఫిక్ ఉంటుంది, అది ఒక్కటే ఓర్చుకోవాలి, పొద్దున్నే ఎనిమిదిలోపు దాటేస్తే సమస్యే లేదు. మిల్ ఎండ్ దగ్గర ఎడమకి తిరిగితే హ్యాంబల్‌డెన్. ఇక అక్కడినుంచి లోయలో స్కర్మెట్, ఫింగెస్ట్, టర్విల్. టర్విల్‌లో తలెత్తి చూస్తే గుట్ట మీద గాలిమర ఉంటుంది. ఆ తర్వాత నార్త్ఎండ్ మీదుగా క్రిస్మస్ కామన్‌కి ఎక్కుడు, అక్కడినుంచి స్టోనర్ వైపు దిగి మళ్లీ హెన్లీ. మొత్తం 20 మైళ్లు అటూ ఇటూ. ఇంకా కావాలంటే వాట్లింగ్టన్ వైపు దిగి మళ్లీ ఎక్కు.

పైన ఎర్ర గద్దలు తిరుగుతుంటాయి, తోక చీలి ఉంటుంది చూడు. ఇంగ్లండ్‌లో అవి పూర్తిగా అంతరించిపోతే స్పెయిన్ నుంచి పిల్లల్ని తెచ్చి ఈ చిల్టర్న్స్‌లోనే వదిలారు, 1990ల్లో. ఇప్పుడు ఆగి అరటిపండు తింటుంటే నెత్తి మీదకి వస్తాయి.

బెజవాడ_పెడల్
@చిల్టర్న్_గద్ద అన్నా థాంక్స్. ఆ క్రిస్మస్ కామన్ ఎక్కుడు ఎంత ఘోరం?

చిల్టర్న్_గద్ద
ఘోరం కాదు, లోగేర్‌లో వేసుకుని కూర్చుని తొక్కితే పదిహేను నిమిషాలు. నిలబడి తొక్కితే ఊపిరి పోతుంది.

ఓరుగల్లు_రైడర్
అప్పు లేని దారి ఎందుకు భయ్ అడుగుతున్నవ్, అప్పు ఉంటేనే కదా తర్వాత డౌను వచ్చేది. నేను షెఫీల్డ్‌ల ఉంటా, ఇక్కడ చదునంటే మా ఇంట్ల ఫ్లోరే. విన్నట్స్ పాస్ ఎక్కి చూడు ఒకసారి, రెండు దిక్కుల గోడల లెక్క గుట్టలు, నడిమిట్ల రోడ్డు. మొదటిసారి సగంల దిగి నడిచిన. రెండోసారి ఎక్కిన. ఆ రోజు పైన కూసొని ఇంటికి ఫోన్ చేసి అమ్మకు చెప్పిన, ఆమెకు ఏం అర్థం కాలే గని మస్తు ఖుష్ అయింది.

మిల్టన్‌కీన్స్_మామ
ఓరుగల్లూ, అతని బావకి అప్పు ఇవ్వమని ఎవరూ అడగలేదయ్యా, ఉన్నది తీర్చుకోనివ్వు.

కోనసీమ_చైను
😂😂 మామ గారూ

ఎలీ_రామ్
నేను వేరే మాట చెప్తానండీ. ఒక రోజంతా తిరగాలి, ఎక్కుళ్లు వద్దు అంటే కేంబ్రిడ్జ్ నుంచి ఎలీ వెళ్లండి. నేషనల్ సైకిల్ నెట్‌వర్క్ 11వ నంబరు రూటు, వికెన్ ఫెన్ మీదుగా. నీలం బోర్డు మీద ఎర్ర గడిలో తెల్ల నంబరు ఉంటుంది, అది చూసుకుంటూ పోవడమే. అక్కడక్కడా గరుకు బాట వస్తుంది, 28 టైర్లకి పర్లేదు, ఎండాకాలం అయితే. ఒకప్పుడు అదంతా చిత్తడి నేల, ఫెన్స్ అంటారు, శతాబ్దాల పాటు కాల్వలు తవ్వి నీళ్లు తోడి పొలాలు చేశారు. కాల్వ గట్టు మీద తొక్కుతుంటే మా దివిసీమ గుర్తొచ్చి ఒక్కోసారి గొంతు పట్టేస్తుంది నాకు. ఎలీ కెథీడ్రల్ ఎన్ని మైళ్ల దూరం నుంచో కనిపిస్తుంది, ఫెన్స్‌లో ఓడ అంటారు దాన్ని, నిజంగానే పొలాల్లో ఓడ తేలుతున్నట్టే ఉంటుంది.

ఓరుగల్లు_రైడర్
@ఎలీ_రామ్ గాడ గాలి సంగతి చెప్పకపోతివి సార్. నేను ఒకసారి వచ్చిన, చదునే కదా అనుకుంటే ఎదురుగాలికి గంటకు 15 కూడా పోలే.

ఎలీ_రామ్
నిజమేనండీ, అడ్డు చెట్టు కూడా ఉండదు. మా దగ్గర గాలే కొండ. అందుకే పొద్దున లేచి ముందు గాలి ఎటునుంచో చూస్తాం. ఈ దేశంలో ఎక్కువ రోజులు నైరుతి నుంచే వీస్తుంది. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి ఉండేలా రూటు పెట్టుకోండి. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే గాలితో కుస్తీ, అలిసిపోయాక అదే తోస్తుంది. నేను మొదట్లో ఉల్టా చేసేవాణ్ణి, వెనకగాలికి గంటకు 35 పోతుంటే నాకు బలం వచ్చింది అనుకునేవాణ్ణి, తిరుగు దారిలో ఏడుపొచ్చేది.

లీడ్స్‌లో_లక్ష్మి
అందరూ రూట్లు చెప్తున్నారు కానీ అతను అడిగిన అసలు ప్రశ్న "ఎలా వెతుకుతారు" అని. దానికి ఎవరూ చెప్పలేదు.

నేను కాగితం మ్యాప్ కొన్నా. ఆర్డ్‌నెన్స్ సర్వే (ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వాళ్ల ల్యాండ్‌రేంజర్, 1:50,000 స్కేలు, అంటే మ్యాప్ మీద 2 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. ఒక్కో షీటు 40 కి 40 కిలోమీటర్లు. రీడింగ్‌కి 175వ నంబరు షీటు. టేబుల్ మీద పరిచి చూడండి. ఎర్రవి ఎ రోడ్లు, నారింజవి బి రోడ్లు, పసుపువి చిన్న రోడ్లు. మీకు కావాల్సింది పసుపు. అందులోనూ సన్నటి పసుపు. ఆ పసుపు గీత మీద బాణం గుర్తు ఉంటే 14 నుంచి 20 శాతం ఏటవాలు, రెండు బాణాలుంటే 20 పైన. బాణం మొన ఎటు ఉంటే అటు దిగుడు. ఇది తెలిసిన రోజు నుంచి నాకు యాప్ మీద ఆధారపడటం పోయింది. సాయంత్రం టీ తాగుతూ పసుపు గీతల్ని వేలితో కలుపుకుంటూ పోవడం, ఎర్రదాన్ని ఎక్కడ తక్కువ దూరంలో దాటొచ్చో చూసుకోవడం. ఎర్ర రోడ్డు వెంబడి పోకూడదు, అడ్డంగా దాటి అవతల పసుపులో దూరిపోవాలి.

ఇంకో గుర్తు, రోడ్డు మీదకి వెళ్లాక. తారు మధ్యలో గడ్డి మొలిచిందంటే రోజుకి నాలుగు బళ్లు కూడా పోవని అర్థం.

కోనసీమ_చైను
లక్ష్మక్కా ఆ గడ్డి మాట పిచ్చ కరెక్టు. కాకపోతే ఆ గడ్డికి రెండు వైపులా కంకర చేరి ఉంటుందండోయ్, దిగుడులో బ్రేకు వేస్తే జర్రున జారుద్ది. డెవాన్‌లో నా మోచెయ్యి చెప్పుద్ది మిగతా కథ.

మిల్టన్‌కీన్స్_మామ
నాకు ఈ కాగితం మ్యాప్ వాదం అంతగా ఎక్కదు. యాప్ తప్పు కాదు, వాడకం తప్పు. ముందు రోజు రాత్రి కంప్యూటర్లో రూటు గీసుకో, స్ట్రావా యాప్ హీట్‌మ్యాప్‌లో జనం ఎక్కడ తొక్కుతున్నారో చూడు, అనుమానం ఉన్న జంక్షన్లు స్ట్రీట్ వ్యూలో చూడు, అప్పుడు పరికరంలో వేసుకో. దారిలో నిలబడి ఫోన్‌ని దారి అడిగితే అది దగ్గర దారే చెప్తుంది. ఎ రోడ్డు మీద సైకిలు చట్టప్రకారం తప్పు కాదు, మోటార్‌వే మీద మాత్రమే నిషేధం, ఇంకా బోర్డు పెట్టిన కొన్ని చోట్ల. దానికి తెలిసింది అంతవరకే.

ఆ మట్టి బాట కూడా అంతే. దాన్ని బ్రైడిల్‌వే అంటారు, 1968లో చట్టం వచ్చినప్పటినుంచి సైకిళ్లకి హక్కు ఉంది. ఫుట్‌పాత్ అని బోర్డు ఉంటే మాత్రం లేదు. హక్కు ఉంది కదా అని 28 టైర్లతో ఫిబ్రవరిలో దూరితే బంకమట్టి ఊరుకోదు.

లీడ్స్‌లో_లక్ష్మి
@మిల్టన్‌కీన్స్_మామ మామగారూ మా యార్క్‌షైర్ డేల్స్ లోయల్లో సగం చోట్ల సిగ్నల్ ఉండదు. నేను ఎక్కువసార్లు ఒక్కదాన్నే వెళ్తా. ఒకసారి నవంబరులో పరికరం బ్యాటరీ అయిపోయింది, ఫోన్‌కి సిగ్నల్ లేదు, నాలుగున్నరకే చీకటి. జెర్సీ జేబులో మడిచిన మ్యాపే ఇంటికి చేర్చింది. రెండూ పెట్టుకోండి, వాదన ఎందుకు. బయల్దేరే ముందు ఏ దారిన వెళ్తున్నానో, ఎన్నింటికి వస్తానో ఇంట్లో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటిస్తా, అది కూడా చెయ్యండి.

సర్రే_సుబ్బు
అన్నీ చెప్పారు బాక్స్ హిల్ చెప్పలేదేంటి. 2012 ఒలింపిక్స్ రోడ్ రేసులో మగవాళ్లు 9 చుట్లు కొట్టారు దాని చుట్టూ, ఆడవాళ్లు 2. జిగ్‌జాగ్ రోడ్డు రెండున్నర కిలోమీటర్లు, సగటు 5 శాతమే, కొత్తవాళ్లకి మంచి మొదటి కొండ. పైన నేషనల్ ట్రస్ట్ కెఫే ఉంది.

చిల్టర్న్_గద్ద
ఆదివారం పదకొండుకి అక్కడ సైకిళ్ల తిరనాళ్ల సుబ్బూ. కెఫే క్యూ చూస్తే తిరపతి లైను గుర్తొస్తుంది.

సర్రే_సుబ్బు
లీత్ హిల్ వైపు పోండి మరి, అక్కడ జనం పల్చన. ఆ చుట్టుపక్కల లేన్లు కొన్ని భూమిలోకి కుంగి ఉంటాయి, రెండు పక్కలా మనిషెత్తు మట్టిగట్టు, పైన చెట్ల వేర్లు వేలాడుతూ. వందల ఏళ్లుగా బళ్లు, పశువులు నడిచి, వాన నీరు కోసి అంత లోతు దిగాయి. మధ్యాహ్నం కూడా చీకటిగా చల్లగా ఉంటుంది, లైటు వేసుకుని వెళ్లాలి. అక్టోబరులో తడి ఆకులు సబ్బులా ఉంటాయి జాగ్రత్త.

ఓరుగల్లు_రైడర్
సెప్టెంబర్ల ముండ్ల సంగతి ఎవ్వరు చెప్తలేరు. మార్చి నుంచి ఆగస్టు ఆఖరు దాకా పిట్టలు గూళ్లు పెడ్తయని హెడ్జ్‌లు కొట్టరు. సెప్టెంబరు రాంగనే రైతులు ట్రాక్టర్‌కు మిషిన్ పెట్టి కంచె పొదలు అన్ని ఒక్కసారి కొడ్తరు. ఆ ముక్కలు రోడ్డు మీద పడ్తయి. బ్లాక్‌థార్న్ ముల్లు అంటే మన తుమ్మముల్లు లెక్కనే, నల్లగ సన్నగ ఉంటది, టైరుల దిగినంక కనవడది. ఒక్క రైడ్ల నాకు మూడు పంక్చర్లు. మొదటి ట్యూబ్ మార్చిన, కిలోమీటరు పోంగనే మళ్ల తుస్. మళ్ల మార్చిన, మళ్ల తుస్. అప్పుడు ఒక ముసలాయన పాత స్టీల్ సైకిల్ మీద వచ్చి ఆగిండు, ఏం మాట్లాడకుంట టైరు తీస్కొని లోపలి దిక్కు బొటనవేలు పెట్టి మెల్లగ తిప్పిండు. ఒక కాడ ఆగి, నెయిల్ కట్టర్‌తోటి గుంజిండు. బియ్యపు గింజంత ముల్లు మొన. ఆ మొన లోపల ఉన్నంత సేపు ఎన్ని ట్యూబులు ఏసినా గంతే. ఆయన తన ట్యూబ్ ఒకటి ఇచ్చి, పైసలు తీస్కోకుంట పోయిండు. ఇప్పుడు నేను ఎప్పుడు పోయినా ఒక ట్యూబ్ ఎక్కువ పెట్టుకుంట, నాకోసం కాదు, దారిల ఎవరికన్న కావాలంటే ఇయ్యనీకి.

కోనసీమ_చైను
❤️

బెజవాడ_పెడల్
అన్నా నేను వేలు పెట్టి చూడటం అనేది ఇప్పటిదాకా ఒక్కసారీ చెయ్యలేదు. మంచి మాట చెప్పావు.

ఇంకో డౌటు. బావా నేనూ పక్కపక్కన తొక్కొచ్చా? మొన్న ఒకాయన కారు అద్దం దించి వరసలో పొమ్మని అరిచాడు.

మిల్టన్‌కీన్స్_మామ
వరసలోనే పోవాలి, చిన్న రోడ్ల మీద వెనక బండికి దారి ఇవ్వాలి కదా.

లీడ్స్‌లో_లక్ష్మి
కాదు మామగారూ. 2022 జనవరి 29న హైవే కోడ్, అదే రోడ్డు రూల్స్ పుస్తకం, మార్చారు, 66వ రూలు చదవండి. ఇద్దరు పక్కపక్కన తొక్కొచ్చు, ముఖ్యంగా పెద్ద గుంపుల్లో గానీ పిల్లలు, కొత్తవాళ్లు పక్కన ఉన్నప్పుడు గానీ. వెనక బండి వస్తే, క్షేమం అనుకున్న చోట ముందుకి పోనివ్వాలి. దాటే కారు 30 మైళ్ల స్పీడు దాకా మనకి కనీసం 1.5 మీటర్ల జాగా వదలాలి, అంతకంటే స్పీడు ఉంటే ఇంకా ఎక్కువ. ఇది చెప్పడం ఎందుకంటే, కిందటేడు ఒక వ్యాను నా మోచేతికి జానెడు దూరంలో పోయింది, ఆ గాలికి హెడ్జ్‌లో పడ్డా. అప్పటిదాకా నేనూ రోడ్డు అంచుకి అతుక్కుని పోయేదాన్ని, మనమే అంచుకి పోతే వాళ్లు ఇదే చాలని సందులో దూరతారు. ఇప్పుడు ఇరుకు రోడ్డులో మలుపు వస్తే లేన్ మధ్యకి వస్తా, మలుపు దాటాక చెయ్యి ఊపి పొమ్మంటా. ఎక్కువమంది థాంక్స్ అని చెయ్యెత్తే పోతారు.

మిల్టన్‌కీన్స్_మామ
చదివానమ్మా. నువ్వు చెప్పిందే కరెక్టు. నేను ఇక్కడ లైసెన్సు తీసుకున్నది 2004లో, అప్పటి పుస్తకమే బుర్రలో ఉండిపోయింది.

కోనసీమ_చైను
తిండి సంగతేంటండీ? మా ఆవిడ పులిహోర డబ్బా కట్టందే పంపదు. జెర్సీ వెనక జేబులో డబ్బా పెట్టుకుని 60 కిలోమీటర్లు పోయాను, నడుముకి నూనె.

సర్రే_సుబ్బు
పులిహోర ముద్దలు చేసి ఫాయిల్‌లో చుట్టు, జేబులో కదలదు. ఇంత ఉప్పు, ఇంత పిండిపదార్థం, వేరుశెనగపప్పు, ఎనర్జీ బార్‌లో కూడా ఇదే కదా ఉండేది. చింతపండు ఉంటుంది కాబట్టి ఎండాకాలం పాడవదు కూడా. నీళ్లు పబ్‌లో అడిగితే సీసా నింపి ఇస్తారు, ఇంతవరకు ఎవరూ కాదనలేదు నన్ను.

ఎలీ_రామ్
కెఫేలో ఒక టీ, ఒక ఫ్లాప్‌జాక్ తప్పకుండా కొనుక్కోండి మాత్రం. ఓట్స్‌లో వెన్న, బంగారం రంగు సిరప్పు పోసి కాల్చిన బిళ్ల. పల్లె కెఫేలు మన సైకిళ్ల మీద కూడా కొంత బతుకుతాయి.

హార్ట్‌సైడ్_హరి
ఆలస్యంగా చూశా ఈ పోస్టు. బెజవాడ తమ్ముడూ, ఈ ఒక్కరోజు రైడ్ అయ్యాక మీ బావతో సీటూసీ (సముద్రం నుంచి సముద్రం దాకా సైకిల్ రూటు) పెట్టుకో. వైట్‌హేవెన్ నుంచి తూర్పు తీరానికి, 140 మైళ్లు, 1994లో తెరిచారు. మేము ముగ్గురం మూడు రోజుల్లో చేశాం. గాలి వెనకనుంచి ఉండాలని అందరూ పడమర నుంచి తూర్పుకే తొక్కుతారు. బయల్దేరేటప్పుడు వెనక చక్రం ఐరిష్ సముద్రంలో ముంచాలి, ఆఖర్న ముందు చక్రం ఉత్తర సముద్రంలో. కెజిక్, పెన్రిత్ దాటాక హార్ట్‌సైడ్ ఎక్కుడు వస్తుంది, 580 మీటర్ల ఎత్తు. ఏటవాలు మరీ ఎక్కువ కాదు కానీ తరగదు. మేము ఎక్కుతుంటే మబ్బు దిగి ముందు చక్రం కూడా సరిగ్గా కనపడలేదు, పక్కన గొర్రెలు గడ్డి నమిలే చప్పుడు వినపడుతోంది, గొర్రె కనపడదు. పైన ఒకప్పుడు కెఫే ఉండేది, 2018లో కాలిపోయింది. ఆ వానలో అక్కడ నిలబడి ఫ్లాస్కులో మిగిలిన అల్లం టీ మూడు మూతల్లో పోసుకుని తాగాం. ఆ టీ రుచి ఇంకా నాలిక మీద ఉంది.

ఓరుగల్లు_రైడర్
హరన్నా హార్డ్‌నాట్ పాస్ కూడ చేసినవా?

హార్ట్‌సైడ్_హరి
33 శాతం మలుపులో ముందు చక్రం గాల్లోకి లేచింది, దిగి నడిచా. నడిచేటప్పుడు బూటు క్లీట్లు (పెడల్‌కి పట్టే బిళ్లలు) కూడా జారాయి. వానలో అటు దిగాలని మాత్రం ఎవరూ అనుకోవద్దు, రిమ్ బ్రేకులు పట్టవు.

లీడ్స్‌లో_లక్ష్మి
ఎక్కే సరదా ఉన్నవాళ్లు బటర్‌టబ్స్ రండి మా వైపు. హాస్ నుంచి ఎక్కి స్వేల్‌డేల్‌లోకి దిగుడు. 2014 టూర్ డి ఫ్రాన్స్ మొదటి స్టేజి లీడ్స్ నుంచి హారోగేట్ దాకా, దీని మీదుగానే పోయింది. రోడ్డు పక్కన సున్నపురాతిలో లోతైన గుంటలు ఉంటాయి, సంతకి వెన్న మోసుకెళ్లే రైతులు అలసట తీర్చుకునేటప్పుడు కరగకుండా అందులో దించేవారట, అందుకే ఆ పేరు అంటారు. నేను వంగి చెయ్యి పెట్టి చూశా, జూలైలో కూడా కుండలోనుంచి వచ్చినట్టు చల్లగాలి తగిలింది.

బెజవాడ_పెడల్
జూన్ అయిపోయింది, చెప్పకుండా ఉండలేక వచ్చా.

175వ షీటు కొన్నా. వారం రోజులు రాత్రిళ్లు పసుపు గీతలు కలిపా, మామగారు చెప్పినట్టు జంక్షన్లు స్ట్రీట్ వ్యూలో చూసుకున్నా. @చిల్టర్న్_గద్ద అన్న రూటే, వాట్లింగ్టన్ దిగి మళ్లీ ఎక్కడంతో కలిపి. ఏడున్నరకి హెన్లీ దిగాం, ఎ4155 దాదాపు ఖాళీ. హ్యాంబల్‌డెన్‌లోకి తిరగ్గానే బావ బ్రేకు వేసి ఆగిపోయాడు, ఏమైంది అంటే, చప్పుడు లేదు రా అన్నాడు. నిజంగానే మా రెండు చైన్ల శబ్దం తప్ప ఏమీ లేదు. ఫింగెస్ట్ చర్చి ఎదురుగా కూర్చుని పులిహోర ముద్దలు తిన్నాం. క్రిస్మస్ కామన్ ఎక్కుడులో నేను కూర్చునే తొక్కా, బావ నిలబడి తొక్కి మధ్యలో ఆగాడు, నేను చెప్పా కదా అనలేదు, పక్కన ఆగి నీళ్లిచ్చా. పైన గద్దలు నాలుగు. అంత కిందకి వచ్చాయి, ఈకల మధ్య సందులు కనిపించాయి. రాత్రి తొమ్మిదికి ఇంకా వెలుతురుండగానే ఇల్లు చేరాం. ఒక పంక్చరు, నాది. టైరు లోపల బొటనవేలు తిప్పా, చెకుముకి రాయి పెచ్చు దొరికింది.

బావ వచ్చే ఏడాది సీటూసీ అంటున్నాడు. @హార్ట్‌సైడ్_హరి అన్నా, సైకిళ్లు వైట్‌హేవెన్ దాకా ఎలా తీసుకెళ్లాలి?

హార్ట్‌సైడ్_హరి
లండన్ నుంచి కార్లైల్ దాకా పెద్ద రైలు బండి, దానికి సైకిల్ రిజర్వేషన్ తప్పనిసరి, చోట్లు తక్కువ. ముందు సైకిళ్లకి చోటుందో చూసుకుని ఆ తర్వాత మీ టికెట్లు కొనండి, ఉల్టా చేస్తే ఇరుక్కుపోతారు. కార్లైల్‌లో మారి చిన్న బండి, దాన్లో రిజర్వేషన్ లేదు, ముందొచ్చిన వాళ్లకే చోటు. మీరిద్దరూ పొద్దున బండికే వెళ్లండి.

కోనసీమ_చైను
మూడో సైకిలుకి చోటుంటే చెప్పండి బెజవాడా, పులిహోర నాది.